సర్వే నేర్చుకోవాలంటే ఏ దారి మంచిది? విశాఖ పిల్లల కోసం ఐటీఐ, డిప్లొమా, రెండు నెలల కోర్సు, డ్రోన్ పోలిక

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఎవరో ఒకరు మా ఇంటికి రావడం మామూలే. ఈసారి పెందుర్తి నుంచి వరసకు చెల్లెలయ్యే ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. “అన్నయ్యా, వీడికి లెక్కలు బాగానే వస్తాయి గానీ గదిలో కూర్చునే పని వద్దంటాడు. సర్వే నేర్పించమని ఎవరో చెప్పారు. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో అడిగితే రెండు నెలల్లో అయిపోతుందన్నారు. ఐటీఐ అయితే రెండేళ్లట, డిప్లొమా అయితే మూడేళ్లట. రెండు నెలల్లో వచ్చేదానికి మూడేళ్లు ఎందుకు పెట్టాలి?” అని అడిగింది.

న్యాయమైన ప్రశ్న. ఇరవై ఏళ్లకు పైగా సర్వేయర్‌గా ట్రైపాడ్ భుజాన మోస్తున్నాను కాబట్టి జవాబు నాకు తెలుసు. కానీ ఒక్క ముక్కలో చెప్పేది కాదు. ఆ రోజు ఆవిడకి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను, ఇంకో నాలుగు ఇళ్లలో కూడా ఇదే ప్రశ్న నడుస్తూ ఉంటుంది కనుక.

ఈ పనికి రెండు కావాలి. ఒకటి కాగితం. ఏ నోటిఫికేషన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చో, ఏ కంపెనీలో పేరు రాయించుకోవచ్చో అది తేలుస్తుంది. రెండోది చెయ్యి తిరగడం. మొదటి నెల జీతం అయ్యాక రెండో నెల కూడా మిమ్మల్ని ఉంచుకుంటారా లేదా అన్నది దీని మీద ఉంటుంది. ఐటీఐ, డిప్లొమా మీకు కాగితం ఇస్తాయి, చెయ్యి తిరగడం మీ పట్టుదలకు వదిలేస్తాయి. రెండు నెలల కోర్సు చేతికి కొంచెం అలవాటు చేస్తుంది, కాగితం మాత్రం ఇవ్వదు. ఈ తేడా పట్టుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందు ఏ సర్వే?

సర్వే అనగానే అందరికీ పొలం గట్టు మీద గొలుసు లాగే మనిషే గుర్తొస్తాడు. విశాఖ చుట్టుపక్కల ఇప్పుడు ఎక్కువమందికి కూడు పెడుతున్నది అది కాదు, సైట్ సర్వే. సబ్బవరం దగ్గర కలిసే రాయ్‌పూర్ ఆరు వరసల రోడ్డు, భోగాపురం విమానాశ్రయం వైపు రోడ్లు, అచ్యుతాపురం ఫ్యాక్టరీలు, మధురవాడ అపార్ట్‌మెంట్లు, ఆనందపురం లేఔట్లు, ఇలా ఎక్కడ పునాది తవ్వినా ముందు ముగ్గు వేయాలి, లెవెల్ ఇవ్వాలి, మట్టి ఎంత తీశారో ఎంత పోశారో లెక్క చూపాలి. ఇది కాంట్రాక్టర్ల దగ్గర పని. పొద్దున్న ఆరింటికి మొదలవుతుంది.

రెండోది భూమి సర్వే, అంటే రెవెన్యూ రికార్డుల పని. హద్దులు, సర్వే రాళ్లు, ఎఫ్ఎంబీలు (పొలాల కొలతల పుస్తకాలు), అడంగళ్లు. దీనికి ఆధారం 1923 నాటి సర్వే, హద్దుల చట్టం. మీరు ప్రైవేటు సర్వేయర్‌గా ఎంత చక్కగా కొలిచినా, పొరుగు రైతు ఒప్పుకోకపోతే ఆ కొలతతో హద్దు తేలదు. మీసేవలో ఎఫ్‌-లైన్, అంటే హద్దులు కొలిపించే దరఖాస్తు పెట్టుకుంటే ప్రభుత్వ సర్వేయర్ వచ్చి తేల్చాలి. కాబట్టి ఈ పని మీద మనసున్నవాళ్లు ప్రభుత్వ ఉద్యోగం వైపో, సర్వే శాఖ ఇచ్చే లైసెన్సు వైపో చూడాలి. దానికి కాగితం తప్పనిసరి.

మూడోది మ్యాపింగ్: డ్రోన్లు, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపులు), కంప్యూటర్ ముందు పని. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు మార్చి, భారతీయ కంపెనీలు మ్యాపులు చేసుకోవడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదు అన్నాక ప్రైవేటులో ఈ పని పెరిగింది.

ఐటీఐ

సర్వేయర్ ట్రేడు రెండేళ్లు. లెక్కలు, సైన్సు ఉన్న పదో తరగతి పాసైతే చాలు. గొలుసు, కంపాస్, ప్లేన్ టేబుల్ నుంచి థియోడోలైట్, లెవెలింగ్, టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు రెండూ కొలిచే ఎలక్ట్రానిక్ మెషీన్) దాకా ఉంటుంది. చివర్లో దేశమంతా చెల్లే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. దాని తమ్ముడి లాంటిది కట్టడాల డ్రాయింగులు గీసే డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, అదీ రెండేళ్లే. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐతో మొదలుపెట్టి అనకాపల్లి, విజయనగరం వైపు కూడా చూడండి. ఏ ఐటీఐలో ఆ ఏడాది ఏ ట్రేడులో సీట్లున్నాయో అడ్మిషన్ల జాబితాలో చూసుకున్నాకే ఊరు నిర్ణయించుకోండి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. 2019లో గ్రామ సచివాలయాల నోటిఫికేషన్‌లో 11,158 గ్రామ సర్వేయర్ పోస్టులు పడ్డాయి. అర్హతల్లో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ఐటీఐ, సర్వే ఒక సబ్జెక్టుగా ఉన్న ఒకేషనల్ ఇంటర్, సివిల్ డిప్లొమా, సివిల్ బీటెక్ ఉన్నాయి. అంటే పోస్టు పేరు సర్వేయర్ అయినా, అడిగిన ట్రేడు పేరు వేరు కావచ్చు. అందుకే చేరేముందు పాత నోటిఫికేషన్లు రెండు మూడు తీసి అర్హత వాక్యాన్ని అక్షరం అక్షరం చదవమంటాను. ప్రభుత్వ ఉద్యోగమే గురి అయితే ఆ వాక్యాన్ని బట్టే ట్రేడు ఎంచుకోవాలి. అంత పెద్ద నోటిఫికేషన్ ఏటా రాదన్నది కూడా మనసులో పెట్టుకోండి. దాని కోసమే ఇంట్లో కూర్చుని వయసు కరగదీసుకున్న పిల్లల్ని చూశాను, చాలా బాధ వేసింది.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ చేయండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ ఇస్తూ నేర్పిస్తారు. విశాఖలో పెద్ద పరిశ్రమలకు కొదవ లేదు కదా, ఎవరెవరు ఏ ట్రేడు తీసుకుంటున్నారో పోర్టల్లో చూస్తూ ఉండాలి. చదువు అక్కడితో ఆగాల్సిన పని కూడా లేదు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు బ్రిడ్జి కోర్సు పాసై పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

డిప్లొమా

ఇంట్లో మూడేళ్లు ఆగగలిగే స్థోమత ఉంటే నా ఓటు దీనికే. సివిల్ డిప్లొమాలో సర్వే ఒక భాగం మాత్రమే, మిగతాది కాంక్రీటు, ఎస్టిమేషన్, నీళ్లు, రోడ్లు. “మరి సర్వే కోసం అదంతా ఎందుకు?” అంటారు. సైట్‌లో నేను ఒక పిల్లర్ పాయింట్ ఇస్తున్నప్పుడు ఆ పిల్లర్ ఎందుకు అక్కడుందో తెలిస్తే డ్రాయింగ్‌లో తప్పు నా కంటికే ముందు పడుతుంది. అది తెలియనివాడు తప్పు పాయింట్‌ని కూడా మిల్లీమీటరు తేడా లేకుండా పెడతాడు. పదేళ్లు పోయాక మోకాళ్లు నొప్పి పుట్టి ఎండలో తిరగలేకపోతే డిప్లొమా వాడికి ప్లానింగ్ వైపో బిల్లింగ్ వైపో కుర్చీ దొరుకుతుంది. ఐటీఐ వాడికి ఆ మార్పు కష్టం.

చేరడానికి పాలిసెట్ రాయాలి. 120 మార్కులు: లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. కంచరపాలెంలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అయిపోయాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదికి వెళ్లొచ్చు.

డిప్లొమా బలహీనత ఒక్కటే, చేతికి పని తక్కువ. ఒక బ్యాచిలో ఒక టోటల్ స్టేషన్ చుట్టూ పదిహేను మంది నిలబడతారు. ముందుకి తోసుకొచ్చే ఇద్దరు నేర్చుకుంటారు, మిగిలినవాళ్లు రికార్డు పుస్తకం నింపుతారు. మీ పిల్లాడు ఆ ఇద్దరిలో ఉంటాడా అన్నది మీరే చెప్పగలరు. సిగ్గరి అయితే సెలవుల్లో ఏదో ఒక సైట్‌కి పంపి ఆ లోటు తీర్చాలి.

రెండు నెలల కోర్సు గురించి కొంచెం వివరంగా

ఎక్కువ మోసపోయేది ఇక్కడే. చాలామందికి నిజంగా పనికొచ్చేదీ ఇక్కడే. రెండూ నిజం.

డిప్లొమా గానీ ఐటీఐ గానీ బీటెక్ గానీ చేతిలో ఉండి, టోటల్ స్టేషన్ ముట్టుకోనివాళ్లకి రెండు నెలల కోర్సు మందులా పనిచేస్తుంది. పునాది ఉంది, చెయ్యి తిరగాలి, అంతే. పదో తరగతి తర్వాత నేరుగా ఇందులో చేరినవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో నేర్పుతారు. మెషీన్ మారితే, మెనూ మారితే చేతులెత్తేస్తారు. ఒక కుర్రాడు సర్టిఫికెట్‌తో నా దగ్గరికి వచ్చాడు. మెషీన్ చకచకా సెట్ చేశాడు, ముచ్చటేసింది. తర్వాత ఒక కాగితం ఇచ్చి మామూలు లెక్క అడిగాను. టీబీఎం, అంటే ఎత్తు ముందే తెలిసిన గుర్తు, దాని ఆర్ఎల్ (ఎత్తు) 100.000, ఆ గుర్తు మీద పెట్టిన స్టాఫ్ (కొలత గీతలున్న కర్ర) చదివితే వచ్చిన బ్యాక్‌సైట్ 1.425, కొత్త పాయింట్ మీద చదివిన ఫోర్‌సైట్ 0.985, ఆ పాయింట్ ఆర్ఎల్ ఎంత? 100.000కి 1.425 కలిపితే మెషీన్ చూపు ఎత్తు 101.425. అందులోంచి 0.985 తీస్తే 100.440. పిల్లాడు పది నిమిషాలు కాగితం వైపు చూసి, “మెషీనే చూపిస్తుంది కదండీ” అన్నాడు. మెషీన్ తప్పు చూపించిన రోజు ఎవరు చెబుతారు?

అలాంటి రోజు నాకు ఎదురైంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, భీమిలి వైపు సముద్రానికి దగ్గరగా ఒక ప్రహరీ మార్కింగ్. పొద్దున్నే ఇసుక నేల మీద ట్రైపాడ్ నిలబెట్టి, బ్యాక్‌సైట్, అంటే వెనక తెలిసిన గుర్తు, ఒక్కసారి చూసుకుని, మధ్యాహ్నం దాకా పెగ్గులు, అంటే గుర్తు కోసం చెక్క మేకులు, నేలలో కొడుతూ పోయాను. ఎండెక్కేసరికి ఒక కాలు కొద్దికొద్దిగా ఇసుకలో దిగింది. మెషీన్ మట్టం చూపే బబుల్ పక్కకి జరిగిన సంగతి అన్నానికి లేచినప్పుడు చూశాను. మూడు గంటల పెగ్గులు పోయాయి, అప్పటికే తవ్విన గుంతల్లో కొన్ని పూడ్చి మళ్లీ తవ్వాల్సి వచ్చింది. గుంతలు తవ్వినవాళ్లు ఏమీ అనకుండా పలుగులు తీసుకుని మళ్లీ మొదలెట్టారు, అది చూసి నాకు అన్నం దిగలేదు. అప్పటి నుంచి గంటకోసారి బ్యాక్‌సైట్ చూడకుండా ముందుకి కదలను. ఇసుకలో అయితే మూడు కాళ్ల కిందా చెక్క మేకులు దిగ్గొట్టి వాటి మీద నిలబెడతాను.

కోర్సు ఎంచుకునేటప్పుడు డబ్బు కట్టేముందు ఒక పూట అక్కడ కూర్చోనివ్వమని అడగండి. కూర్చోనివ్వకపోతే లేచి వచ్చేయండి. కూర్చుంటే ఇవి గమనించండి. మెషీన్ సొంతమా, అద్దెకి తెచ్చి వారానికి రెండు రోజులు చూపిస్తారా? ఒక మెషీన్‌కి ఎంతమంది? నలుగురైదుగురు దాటితే రెండు నెలల్లో మీ వంతుకి పెద్దగా ఏమీ రాదు. మేడ మీద నేర్పుతారా, నేల మీదకి తీసుకెళ్తారా? చదునైన డాబా మీద సెంటరింగ్, అంటే మెషీన్‌ని సరిగ్గా పాయింట్ పైన నిలబెట్టడం, ఎవరైనా చేస్తారు. ఒక పక్క గెడ్డ, ఒక పక్క తుప్పలు ఉన్న వాలు మీద చేయించాలి. ఎత్తుపల్లాలు చూసే ఆటో లెవెల్ కూడా నేర్పుతారా, టోటల్ స్టేషన్ ఒక్కటేనా? సైట్‌లో రోజూ వాడేది ఆటో లెవెలే. ఫీల్డ్ బుక్ చేత్తో రాయిస్తారా? కొలిచిన డేటాని కంప్యూటర్లోకి తెచ్చి ఆటోకాడ్‌లో గీత గీసేదాకా తీసుకెళ్తారా, మెషీన్ దగ్గరే ఆపేస్తారా? ఆఖరుగా, “నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ” అని గోడ మీద రాసుంటే, గత బ్యాచి పిల్లలు ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి. వాళ్లతో మాట్లాడాకే డబ్బు తీయండి.

సర్వేయర్ వెంట హెల్పర్‌గా

కాగితం లేని దారి ఇదొకటి. ప్రిజమ్ (టోటల్ స్టేషన్ కిరణాన్ని తిప్పి పంపే అద్దం) పట్టుకోవడం, స్టాఫ్ నిటారుగా నిలబెట్టడం, పెగ్గులు కొట్టడం, తుప్పలు నరికి చూపు తెరవడం. చేతిలో ఫోన్ ఉన్న ఈ కాలంలో కూడా సర్వే నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం. స్టాఫ్ వెనక్కి వాలితే రీడింగ్ పెరుగుతుందని పుస్తకంలో చదవడం వేరు, ఎండలో నిలబడి మీ వల్ల ఆ రీడింగ్ తప్పాక తెలుసుకోవడం వేరు.

కానీ ఇదొక్కటే నమ్ముకుంటే పదేళ్లయినా హెల్పర్‌గానే ఉండిపోతారు. నాకంటే బాగా పని తెలిసిన హెల్పర్ అన్నలు ఉన్నారు. పెద్ద కంపెనీ వాళ్లు సర్టిఫికెట్ అడిగితే పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది వాళ్లకి. గల్ఫ్‌కి వెళ్లాలన్నా అదే ఇబ్బంది. కాబట్టి ఈ దారిని ఐటీఐకో డిప్లొమాకో తోడుగా వాడుకోండి, దానికి బదులుగా కాదు. ఇంటి పరిస్థితి వల్ల వెంటనే సంపాదించాల్సిన పిల్లలు హెల్పర్‌గా చేరి, డబ్బు కాస్త నిలవగానే ఐటీఐలో చేరిపోవాలి. ఆలస్యమైనా ఫర్వాలేదు.

డ్రోన్

పిల్లలకి దీని మీదే మోజు. డ్రోన్ నియమాలు 2021లో వచ్చాయి. పని కోసం సర్వే డ్రోన్ ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. దానికి పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసుండాలి. డీజీసీఏ (కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన సంస్థలో శిక్షణ పొందాలి. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది: నగరంలోనే నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది, పక్కనే పోర్టు. నగరంలో చాలాచోట్ల ఎగరేయాలంటే ముందు మ్యాప్ చూసుకుని అనుమతి తెచ్చుకోవాల్సిందే. తెలియక ఎగరేశాను అంటే ఎవరూ వినరు.

డ్రోన్ ఫొటోలు తీస్తుంది. ఆ ఫొటో నేల మీద సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో చెప్పేది మనం డీజీపీఎస్‌తో (ఉపగ్రహాల సాయంతో కచ్చితమైన స్థానం చూపే పరికరం) ముందే గుర్తుపెట్టిన కంట్రోల్ పాయింట్లు. ఆ పాయింట్లు వేయడం రానివాడు ఎగరేయడం మాత్రమే నేర్చుకుంటే పెళ్లి వీడియోల దగ్గరే ఆగిపోతాడు. రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వేలో కూడా డ్రోన్ ఎగిరి వెళ్లాక, రోవర్ (చేతపట్టుకుని తిరిగే ఉపగ్రహ కొలత పరికరం) పట్టుకుని గట్టు గట్టు తిరిగినవాళ్లే హద్దులు తేల్చారు. అందుకే డ్రోన్ రెండో మెట్టు, మొదటిది కాదు.

ఆ రీసర్వే చూశాక ఇంకో మాట

గ్రామ సర్వేయర్లలో ఆడపిల్లలు ఎంతమంది రోవర్లు భుజాన వేసుకుని తిరిగారో చూశాను. ఆడపిల్లకి సర్వే పనికిరాదని ఇంకా అనుకునేవాళ్లు ఆ ఊళ్లకి వెళ్లి అడగాలి. సైట్ సర్వేలో మాత్రం మరుగుదొడ్డి, రాత్రి బండి లాంటి ఏర్పాట్లు కంపెనీని బట్టి ఉంటాయి. చేరేముందు మొహమాటం లేకుండా అడగండి.

భూమి సర్వే వైపు వెళ్లేవాళ్లు ఏ కోర్సులో ఉన్నా పాత కొలతలు నేర్చుకోండి, వీటిని కోర్సుల్లో పైపైనే చెప్పి వదిలేస్తారు. పాత ఎఫ్ఎంబీల్లో లింకులుంటాయి. గుంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, లింకు 7.92 అంగుళాలు. ఎఫ్ఎంబీలో 250 అని ఉంటే 165 అడుగులు, అంటే 50.29 మీటర్లు. ఒక చదరపు గొలుసు పది సెంట్లు. ఎకరం వంద సెంట్లు, 4,840 గజాలు, సెంటుకి 48.4 గజాలు. జీడితోటలో రాయి వెతుకుతూ ముసలి రైతు “బాబూ, ఎన్ని లింకులు?” అని అడిగితే, మీరు ఫోన్ తీయకుండా జవాబు చెప్పాలి. అక్కడే ఆయన మిమ్మల్ని నమ్ముతాడు.

ఇక చెల్లెలికి ఇచ్చిన సలహా. కుర్రాడికి లెక్కలు వస్తాయి, ఇంట్లో నాన్న ఆటో నడుపుతాడు, మూడేళ్లు లాగగలరు. పాలిసెట్ ర్యాంకు కూడా వచ్చింది. సివిల్ డిప్లొమా తీసుకోమన్నాను, ఊరికి దగ్గరలో ప్రభుత్వ సీటు వస్తే కళ్లు మూసుకుని చేర్చమన్నాను. ఆఖరి సెమిస్టర్‌లో రెండు నెలల కోర్సు, అదీ నలుగురికి ఒక మెషీన్ ఉన్నచోట. డ్రోన్ ఆ తర్వాత. వీడికి లెక్కలు భయమైనా, ఇంట్లో రెండేళ్లకే సంపాదన అవసరమైనా ఐటీఐ అనేవాణ్ణి. అప్పటికే బీటెక్ సివిల్ చదువుతున్న పెద్దవాడైతే నేరుగా రెండు నెలల కోర్సుకి పంపేవాణ్ణి. ద్వారకానగర్ కోర్సు ఒక్కటే చేయించి పనిలోకి పంపుతానని మాత్రం ఏ తల్లి అడిగినా వద్దనే చెబుతాను.

కాలేజీ తెరిచేదాకా ఖాళీయే కదా అని మరుసటి ఆదివారం వాణ్ణి ఆనందపురం లేఔట్‌కి తీసుకెళ్లాను. స్టాఫ్ చేతికిచ్చి, నా వైపు తిప్పి నిటారుగా పట్టుకోమన్నాను. మొదట తలకిందులుగా పట్టుకున్నాడు. రెండో గంటకి, నేను చెయ్యి ఊపకముందే తర్వాతి పెగ్గు దగ్గరికి నడుస్తున్నాడు.